గరుకు కీలు

సంచిలో రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన పెట్టాను. శాలువా కూడా కుక్కుతుంటే మంచం మీంచి చెల్లి నవ్వింది.

“ఆస్పత్రికా అక్కా, కాపురానికా?”

వినిపించుకోకుండా శాలువాని అడుక్కి తోశాను. ఎవరు గడప దాటుతున్నా నా చేతులు ఏదో ఒకటి ఎక్కువే సర్దుతాయి. అమ్మ వెళ్లినప్పుడూ అంతే, మా ఆయన వెళ్లినప్పుడూ అంతే.

చెల్లి పాల డెయిరీలో క్యాన్లు కడిగే పని చేసి రిటైరైంది. కిందటేడు తుంటి విరిగితే లోహపు కీలు వేశారు. కొన్నాళ్లు కర్ర లేకుండా నడిచింది కూడా. ఆ తర్వాత నొప్పి, జ్వరం, కుట్ల దగ్గర చీము. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఎముక గట్టిగా పట్టుకోవాలని ఆ లోహాన్ని కావాలనే గరుకుగా చేస్తారట. క్రిములూ ఆ గరుకునే పట్టుకుని, చుట్టూ జిగట పొర అల్లుకున్నాయట. ఆ పొరలోకి మందు సరిగా దిగదు. కీలు తీసేసి, క్రిములు పోయాక కొత్తది వేయాలి. లేదంటే బతికినన్నాళ్లూ మాత్రలతో అణచి ఉంచాలి. గుండె బలహీనంగా ఉంది కనుక ఆపరేషన్‌లో ప్రాణభయం ఉందని కూడా దాచలేదు.

దొరికిన పుస్తకమల్లా తెచ్చి చదివాను. నునుపు కంటే గరుకుకే క్రిములు తేలిగ్గా అంటుకుంటాయని వాటిలోనూ ఉంది. మాత్రలే మేలని చెల్లిని బతిమాలాను. మంచాన పడి ఉన్నా కళ్లెదుట ఉంటుంది కదా అని నా ఆశ.

తను ఒప్పుకోలేదు. డెయిరీలో కొత్తగా చేరినవాళ్లు క్యాన్లు మెరవాలని ఇనప పీచుతో తోమేవాళ్లట. లోపలంతా గీతలు పడేవి. ఎన్ని వేన్నీళ్లు పోసినా గీతల్లో జిడ్డు నిలిచి మర్నాటి పాలు విరిగేవి. అలాంటి క్యాను చేతికొస్తే చెల్లి కడిగేది కాదు, పక్కన పడేసేది.

“గీతలు పడ్డ క్యాను కడుగుతూ కూర్చోమంటావేంటి నన్ను?” అంది.

“నువ్వు క్యానువి కాదే.”

 చెల్లి నా చెయ్యి పట్టుకుంది.

“నాకు నడవాలనుందక్కా. నీ చేత ఎత్తించుకుంటూ ఎన్నాళ్లుండను?”

సంచి తీసి గుమ్మం దగ్గర పెట్టాను. బండి వచ్చింది. నన్ను పట్టుకుని నడుస్తూ చెల్లి గుమ్మంలో ఆగి, సంచి అడుగు నుంచి శాలువా లాగి నా భుజాన వేసింది.

“నీకే చలెక్కువ. నేనొచ్చాక ఇద్దువుగాని.”

కీలు తీశారు, పొరంతా గీకి కడిగారు. గుండె తట్టుకోలేదు.

చెల్లి తిరిగి రాలేదు. ఆపరేషన్ అయిన మర్నాడు, గురువారం పొద్దున, ఆస్పత్రిలోనే పోయింది.