గోడ మీద చొక్కా అంచులు

మా బావగారు హాలిస్ టాడ్‌లాక్ వేట శిబిరంలో ఒక గోడ నిండా చొక్కా అంచులే. జింకను కాల్చబోయి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, దాని మీద పేరు రాసి, గోడకి మేకు కొట్టేస్తారు. మిసిసిపీలో మా వైపు పాత ఆచారం. నేనూ నవ్వినదాన్నే. ఇప్పుడు ఆ గోడ చూస్తే ఒళ్లు మండిపోతుంది.

పోయిన నవంబరులో హాలిస్ తమ్ముడు, అంటే నా భర్త రాయిస్, కొత్త పట్టీలు కొనుక్కున్నాడు. భుజాలకీ తొడలకీ తొడుక్కుని వాటి తాడు చెట్టుకి కట్టుకుంటే, జింక కోసం పైన కాచుకు కూర్చునే మంచె ఊడినా మనిషి కింద పడడు. సీటు మీదకి మెత్తటి దిండు కూడా కొన్నాడు. పొద్దస్తమానం కదలకుండా కూర్చోవాలంటే నడుం సహకరించాలి కదా. హాలిస్‌కి అదో వేడుకైపోయింది.

"ఉయ్యాల తెచ్చుకున్నావేంట్రా? పాలసీసా ఏదీ?" అన్నాడు. శిబిరమంతా పగలబడి నవ్వింది. మర్నాడు రాయిస్ పట్టీలు ట్రక్కులోనే వదిలేసి చెట్టెక్కాడు.

అతనెక్కిన మంచె హాలిస్‌దే. చెట్టుకి బిగించుకుని, పనైపోగానే విప్పి వీపున మోసుకొచ్చే ఇనప మంచె. విప్పితే ఆ చెట్టు ఇంకెవరైనా పట్టేస్తారని ఏడాది పొడుగునా అక్కడే వదిలేశాడు మహానుభావుడు. ఎండకీ వానకీ దాన్ని చెట్టుకి బిగించిన కట్టు పీలికలైపోయింది. చెట్టు లావెక్కి దాన్ని ఇంకా లాగింది. రాయిస్ బరువు పడగానే తెగింది. వెన్ను విరిగి నా మొగుడు చక్రాల కుర్చీ పాలయ్యాడు. హాలిస్ మాత్రం ఊళ్లో అందరితోనూ "కాలు జారింది పాపం" అని చెప్పుకొచ్చాడు.

ఈ ఏడు మా అమ్మాయి డెలానీ వేటకి వెళ్తానంది. వద్దని నేను మొత్తుకున్నాను. రాయిస్ ఒప్పుకుని, కుర్చీలోంచే అన్నీ నేర్పాడు. నేల మీద ఉండగానే పట్టీలు తాడుకి తగిలించుకోవాలి, తుపాకీలో తూటాలు తీసేసి కింద పెట్టి, ఎక్కాక తాడుతో పైకి లాక్కోవాలి. తన పట్టీలే ఇచ్చి పంపాడు.

వేట మొదలయ్యే ముందు సాయంత్రం జింకమాంసం కూర, మొక్కజొన్న రొట్టె పట్టుకుని శిబిరానికి వెళ్లాను. పట్టీలు తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాయి. డెలానీ మొహం కందిపోయి ఉంది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా. రేపు నాకవి అక్కర్లేదులే."

"మీ నాన్న ఉయ్యాల నీకెందుకే అన్నాను, అంతే," అన్నాడు హాలిస్, గిన్నె మూత తీస్తూ. "నవ్వులాటకి అన్నాను వెర్నా. కూర వాసన అదిరిపోతోంది."

కారు దగ్గరికి వెళ్లాను. ఆసుపత్రివాళ్లు రాయిస్ ఒంటి మీంచి కోసి తీసిన చొక్కా ఏడాదిగా వెనక సీటు కింద సంచిలో పడి ఉంది. పారేయడానికి చేతులు రాలేదు. తెచ్చి, గోడకి వేలాడే కత్తెరతోనే దాని అంచు కత్తిరించాను.

"రాయిస్ ఎప్పుడూ గురి తప్పలేదే," అన్నాడు హాలిస్.

"తప్పలేదు." పెన్ను తీసి పేరు రాసి, మేకు కొట్టాను. "చదువుకో."

చదివాడు. తన పేరే.

"నేనేం చేశాను? వాడి చేతులు పట్టుకుని ఆపానా?"

"నోటితో ఆపావు. కుళ్లిన కట్టు నీది. అది దాచి తమ్ముడి కాలు జారిందన్నావు. ఇప్పుడు నా కూతురి మీద పడ్డావు. నీకసలు సిగ్గుందా?"

అతను గిన్నె మూత మళ్లీ పెట్టేశాడు. డెలానీ లేచి మేకు మీంచి పట్టీలు తీసుకుని, అందరి ముందూ తొడుక్కుని, ఒక్కొక్క బకిలూ బిగించుకుంది.

"పెదనాన్నా, నీ పట్టీలేవీ?"

"నాకెందుకే..."

"అయితే రేపు నువ్వు నేల మీద కూర్చో."

ఎవరూ నవ్వలేదు. పొద్దున్న నేను మళ్లీ వెళ్లి చూస్తే, హాలిస్ పైన్ చెట్టు మొదట్లో బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. దూరంగా ఇంకో చెట్టు మీద మా అమ్మాయి, వీపు వెనక బిగుతుగా తాడు. అయినా నా కోపం చల్లారలేదు.

ఇంటికొచ్చి రాయిస్‌కి అంతా చెప్పాను.

"ఏ చొక్కా?" అన్నాడు.

"ఆకుపచ్చ గళ్లది."

"అది నాకిష్టమైన చొక్కా," అని, డెలానీ వచ్చే దారి కనిపించేలా కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.