మూడో పాటలో అరుపు

టీ కప్పులు కడుగుతుంటే ఆమెకు తన పెద్ద గిన్నె గుర్తొచ్చింది. అది పెరటి షెడ్డులోకి వెళ్ళి వారం దాటింది. ఆయనగారి బ్యాండు వాళ్ళకి ఇంట్లో ఏది కనబడినా వాయిద్యమే. ఇండస్ట్రియల్ మెటల్ అంటారట ఆ సంగీతాన్ని. గిటార్లు ఒక పక్క గర్జిస్తుంటే ఇంకో పక్క ఇనప రేకులు బాదడం, గొలుసులు నేలమీద ఈడ్వడం, ఆ మోతనంతా కంప్యూటర్లో కలిపి ఫ్యాక్టరీ నెత్తిన కూలినట్టు చేయడం. పగలంతా లేత్ మిషను దగ్గర నిలబడే మనిషి, ఇంటికొచ్చి మళ్ళీ ఆ మోతే ఎందుకు పెట్టుకుంటాడో ఆమెకు మొదట్లో అంతుపట్టేది కాదు. తర్వాత్తర్వాత తెలిసింది. అక్కడ యజమాని మోత, ఇక్కడ తన మోత.

ఆమెకి పగలు లాండ్రీలో ఇస్త్రీ, సాయంత్రం వంట, ఆ పైన బ్యాండుకి టీలు. గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడితే ఆయన తలెత్తకుండా చెయ్యి చాపేవాడు. అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని మురిసిపోయేది, మా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల, దాని గొంతు వంటింటి గుమ్మం దాటదు అని. కొత్తలో ఆ మెచ్చుకోలు వెచ్చగానే ఉండేది. రానురాను ఊపిరాడనివ్వని మూతలా బిగిసింది. ఎవరితో చెప్పుకుంటుంది? ఇంటినిండా మనుషులే, మాట్లాడే దిక్కు మాత్రం లేదు.

సరే, గిన్నె కోసం షెడ్డులోకి వెళ్ళింది. ఒక పక్కంతా సొట్ట. తడిమి చూసుకుంటుంటే ఆయన, "గిన్నె సంగతి తర్వాత. ఆ మైకు ముందు ఒకసారి గట్టిగా అరిచిపెట్టు. పాడేవాడికి గొంతు పట్టేసింది, సౌండు సరిచూసుకోవాలి" అన్నాడు. ఏమని అరవాలండీ అంటే, ఏదో ఒకటి అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. మొదట గాలే వచ్చింది. ఆ తర్వాత వచ్చిందేమిటో ఆమెకే తెలియదు. ఇస్త్రీ ఆవిరికి కాలిన వేళ్ళు, చల్లారిపోయాక తిన్న అన్నాలు, మింగిన మాటలు, అన్నీ కట్టగట్టుకుని కడుపులోంచి లేచొచ్చాయి. డ్రమ్ములవాడి చేతిలో కర్ర జారి కిందపడింది.

ఆయన మీటలవైపు చూస్తూ, "బాగానే రికార్డయింది. టీ పెట్టు" అన్నాడు.

ఆమె వెళ్ళి టీ పెట్టింది.

చివరికి రికార్డు తయారైంది. బుల్లి రికార్డు, నాలుగే పాటలు, పొయ్యిమీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది. అట్టలు మడిచి వాటిలో రికార్డులు పెట్టిందంతా ఆమే. విడుదల రోజు చిన్న హాల్లో వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టారు, రికార్డులు అమ్మిపెట్టమని. సొట్టగిన్నెలో టీ కూడా ఆమే మోసుకొచ్చింది. కచేరీ మొదలయ్యే ముందు స్పీకర్లలో రికార్డు పెట్టారు. మూడో పాట నడుమ ఆ అరుపు వచ్చేసరికి ఆమె వేళ్ళు బల్ల అంచుని పట్టుకున్నాయి. నాదే, అనుకుంది. పక్కన ఎవరైనా ఉంటే బాగుండును, మోచేత్తో పొడిచి చెప్పడానికి.

నల్లచొక్కా అమ్మాయి ఒకతి కళ్ళు తుడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఆ అరిచినావిడ ఎవరండీ?"

ఆమె తలెత్తి చూసింది. బల్లకీ ఆయనకీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం.

"ఎవరూ కాదమ్మా. మిషను. మేమే తయారుచేసుకున్నాం" అన్నాడాయన. అని, ఇటు తిరిగి టీ కోసం చెయ్యి చాపాడు.

అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు ఆ మొహం. అదే ఆమెకు ఎక్కువ తగిలింది. నిజంగానే మర్చిపోయాడు. ఆమె కప్పు అందించింది.

తర్వాత వేదిక మీద వాయించడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడో పాట. ఆ అరుపు కోసం ఆయన మీట నొక్కే చోటు ఆమెకు కంఠతా వచ్చు. బల్ల వెనకే లేచి నిలబడింది. స్పీకర్లలోంచి ఆ అరుపు లేచిన క్షణాన తనూ నోరు తెరిచింది. అంత మోతలో ఎవరికి వినబడుతుంది? జనమంతా వేదికవైపే తిరిగి తలలూపుతున్నారు. స్పీకర్లలోని ఆమెకి తోడుగా అరిచింది ఆమె ఒక్కతే. నల్లచొక్కా అమ్మాయి మాత్రం వెనక్కి తిరిగింది. తిరిగి, అలా చూస్తూనే ఉండిపోయింది.

ఇంటిదారిలో ఆయన ఖాళీ చేతులూపుకుంటూ ముందు నడిచాడు. ఆమె గిన్నె చంకనపెట్టుకుని వెనక నడిచింది. "ఇవాళ ఆ అరుపు రెండుగా వినబడిందోయ్. స్పీకరు తేడా చేసినట్టుంది. రేపు విప్పి చూడాలి" అన్నాడు.

ఆమె ఆగింది. ఆయన కూడా ఆగాల్సి వచ్చింది. సొట్టగిన్నె తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"స్పీకరు బాగానే ఉంది. రెండోది నేను" అంది, వీధి చివరిదాకా వినబడేలా. "మొదటిదీ నేనే."