డాక్టరుగారి ఊ, పెద్దక్క ఊహూ

ఆపరేషన్ గదిలో పనిముట్లు అందించే నర్సును అందరూ పెద్దక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె ఉద్యోగం ఒకే ఒక్క అక్షరం మీద నడుస్తోంది. మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరుగారు మైక్రోస్కోపుకు కళ్లు అతికించుకుని, తల తిప్పకుండా "ఊ" అంటారు. పొట్టి ఊ అంటే కత్తెర. సాగదీసిన ఊ అంటే రక్తం పీల్చే గొట్టం. ముక్కుతో అంటే పట్టకారు. విసుగ్గా అంటే మాత్రం, ఎవరో మాట్లాడుతున్నారు, వాళ్ల నోరు మూయించమని. ఆ భాష ఇంకెవరికీ కొరుకుడు పడలేదు. కానీ ఆయన లోపల ఏం చూస్తున్నారో పెద్దక్క ఏనాడూ సరిగ్గా చూసింది లేదు. పక్కనున్న చిన్న టీవీలో అంతా ఎర్రగా, చదునుగా, ఏది పైనో ఏది కిందో తెలియకుండా ఉండేది.

ఆ రోజు కొత్త యంత్రం వచ్చింది. ఎక్సోస్కోప్ అట. పొడవాటి ఇనుప చేయి చివర కెమెరా, ఎదురుగా తలుపంత తెర. నల్లద్దాల జోడు పెట్టుకుంటే తెర మీది బొమ్మ లోతుగా, చేయి పెడితే తగిలేలా కనిపిస్తుంది. డాక్టరుగారికి మెడ వంచే బాధ తప్పింది, పెద్దక్కకూ ఒక జోడు దక్కింది.

బల్ల మీదున్నది ఒక దర్జీ. కణితి వల్ల ఒక కన్ను ఇప్పటికే పోయింది, రెండో కంటి నరం నలుగుతోంది. మత్తు ఇచ్చే ముందు ఆవిడ పెద్దక్క చేయి పట్టుకుంది.

"ఈ ఒక్క కన్నూ మిగల్చండక్కా. సూదిలో దారం ఎక్కితే చాలు, నా బతుకు నేను కుట్టుకుంటా."

"అలాగే తల్లీ," అనేసింది పెద్దక్క. అన్నాక నాలుక కరుచుకుంది. మాటివ్వడానికి తనెవరు?

పని మొదలైంది. పొట్టి ఊ వినిపించింది. తెరలో డాక్టరుగారి వేళ్లు తన ముక్కు మీదికి వచ్చినట్టున్నాయి. పెద్దక్క కత్తెరను ఠక్కున తెర వైపు చాపింది.

"అక్కా, నేను ఇటున్నాను," అన్నారు డాక్టరుగారు.

గదంతా పకపకా నవ్వింది. ఇన్నేళ్ల పేరూ గంగలో కలిసిందనుకుంది పెద్దక్క. కానీ సిగ్గుపడే తీరికేదీ? కళ్లముందు తెల్లటి నరాలు, వాటి కింద రక్తనాళాలు, వాటి వెనక ఇంకో లోతు! ఇంత అందాన్ని ఈ పెద్దమనిషి ఇన్నేళ్లూ ఒక్కడే చూసుకున్నాడా? ఆమెకు పట్టలేనంత సంతోషం వేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది. ఇప్పుడు ఆయన ఊ అనేలోపే పనిముట్టు ఆయన చేతిలో ఉంటోంది.

మూడు గంటలు గడిచాయి. కణితి చివరి ముక్క ఒక పలచటి పొరకు అంటుకుని ఉంది. డాక్టరుగారు చేయి చాపారు.

"ఊ."

కత్తెర పెద్దక్క చేతిలోనే ఉండిపోయింది. పొర వెనక ఏదో అదురుతోంది.

"ఊ!"

"ఊహూ," అంది పెద్దక్క.

మత్తు డాక్టరు తలెత్తి చూశాడు.

"ఏంటక్కా?" అన్నారు డాక్టరుగారు.

"ఆ పొర వెనక ఎర్రగా, వెంట్రుకంత ఉంది సార్. కొట్టుకుంటోంది."

డాక్టరుగారు బొమ్మను పెద్దది చేశారు.

"కంటి నరానికి రక్తం తీసుకెళ్లేది అదే," అన్నారు మెల్లగా. "నేను కణితి అంచునే చూస్తున్నాను. కోసేసేవాణ్ని."

నాళాన్ని పొర నుంచి సుతారంగా విడదీసి, పక్కకు జరిపారు. మళ్లీ చేయి చాపారు.

"ఇప్పుడు ఊ అనొచ్చా?"

"అనండి సార్."

ఆపరేషన్ ముగిశాక పెద్దక్క గౌను, తొడుగులు విప్పి పడేసి, రోగులు తేరుకునే గదికి పరుగులాంటి నడకతో వెళ్లింది. దర్జీ రెప్ప బరువుగా తెరుచుకుంది. చూపు కప్పు మీద తిరిగింది, గోడ మీద తిరిగింది, వచ్చి పెద్దక్క ముఖం దగ్గర ఆగింది.

"తల్లీ, ఏమైనా కనిపిస్తోందా?"

పెద్దక్క మంచం మీదికి ఇంకాస్త వంగింది.

దర్జీ ఎండిన పెదాలు తడుపుకుంది.

"ఆ నల్లద్దాలేంటక్కా? నన్నిక్కడ పడుకోబెట్టి సినిమాకెళ్లొచ్చారా?"

పెద్దక్క ముఖం తడుముకుంది. జోడు ఇంకా అక్కడే ఉంది. తీయబోయింది గానీ, అద్దాల వెనక కళ్లు నిండిపోయి ఉండటంతో అలాగే ఉంచేసుకుంది.