కథలోంచి మొగుణ్ణి తీసేస్తే

"కథ బానే ఉంది. కాకపోతే ఆ మొగుణ్ణి తీసెయ్," అన్నారు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కానే ఇస్త్రీ చేస్తున్నాను.

నలభై దాటాక యూనివర్సిటీలో ఎమ్మేకి చేరినదాన్ని. విద్యార్థుల కొత్త రచనలతో ఏటా వేసే సంకలనానికి కథ పంపాను. పేర్లు తీసేసి చదువుతారు కాబట్టి నా వయసు చూసి ఎవరూ నవ్వలేదు. ఎంపికైంది. తప్పులు దిద్దమని పంపిన ప్రూఫుల కవరు నాకంటే ముందు ఈయన చింపారు. నా పేరున వచ్చే కవర్లన్నీ ఆయనే చింపుతారు, అదేదో తన బాధ్యత అయినట్టు. "చదువుకుంటానంటే సరేనన్నాం. ఇప్పుడు ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తోంది," అంది అత్తయ్య. నిజానికి ఆ కథలో ఎవరూ ఎవర్నీ కొట్టరు, తిట్టరు. ఒకావిడ పొద్దుట్నించి సాయంత్రం దాకా ఇంట్లో పనులు చేసుకుంటూ తిరుగుతుంది. ఉలిక్కిపడ్డది మాత్రం వీళ్ళే.

ఆయన ఆఫీసుకెళ్ళాక, సంకలనం పని చూసే మా క్లాసు అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, రేపు ప్రెస్సుకి ఇచ్చేస్తున్నాం. మార్పులేమైనా ఉంటే ఇవాళే చెప్పేయండి."

అత్తయ్య కునుకు తీస్తుంటే వంటింటి బల్ల మీద ప్రూఫులు పరుచుకుని, పెన్సిలుతో మొగుణ్ణి కొట్టేయడం మొదలుపెట్టాను. ఆయన పోగానే చొక్కాలు పోయాయి. క్యారియర్ సర్దడం పోయింది. "ఉప్పెక్కువైంది" పోయింది. "నీకేం తెలుసు" రెండు చోట్ల ఉంటే రెండూ పోయాయి. వాళ్ళమ్మ కూడా కొడుకు వెనకాలే వెళ్ళిపోయింది, పాపం. చివరికి ఆవిడా, కిటికీ పక్కన కుర్చీ, ఒక కప్పు కాఫీ మిగిలాయి. ఎవరూ పిలవడం లేదు. వేడి చల్లారకముందే తాగుతోంది. ఆవిణ్ణి చూసి నాకెంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఆ కుర్చీలో నేను కూర్చోవాలి, ఒక్క పూటైనా, ఎవరి అలికిడికీ లేవకుండా. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్నది ఇంత చిన్నదా అని ఏడుపొచ్చింది.

కానీ అది నా కోరిక, కథ కాదు. జరిగేదే కథలో ఉంది. రబ్బరుతో గీతలన్నీ చెరిపేసి అమ్మాయికి ఫోన్ చేశాను. "ఒక్క అక్షరం కూడా మార్చడం లేదమ్మా. అలాగే వేసెయ్యండి."

సాయంత్రం ఆయన బూట్లు విప్పుతూ, "తీసేశావా?" అన్నారు.

"తీసి చూశానండీ," అన్నాను. "ఆవిడ ఎంత హాయిగా ఉందో!"