నాలుగు గంటలు కొట్టాక

"ఇంట్లో మనిషికో ఫోనుంది. టైము చూసుకోవడానికి ఈ పాడు పెట్టె ఎందుకు?" అన్నారు మా ఆయన, పాత దుప్పట్లో చుట్టి తెచ్చిన గడియారాన్ని నేను గుమ్మంలో దించుతుంటే. దించడానికి చెయ్యి వేయలేదు, మాట మాత్రం వేశారు. అలాంటి సాయానికి ఆయన ఏనాడూ లోటు చేయలేదు. లోపలి గదిలోంచి అత్తగారు, "ఏంట్రా అది, టీవీయా?" అని అడిగారు. ఆవిడకు చూపు సరిగ్గా ఆనదు గానీ, చెవులు మాత్రం పక్కింటివాళ్ళ గుసగుసలు కూడా వదలవు. "టీవీ కాదమ్మా, ఎవరో వాడి పారేసిన గంటల గడియారం. నీ కోడలు ముచ్చటపడి మోసుకొచ్చింది" అన్నారు ఈయన. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. మా ఇంట్లో నా మీద వేసే జోకులకు అందరికంటే ముందు నేనే నవ్వాలి. లేకపోతే "దీనికి సరదా తెలీదు" అంటారు.

టైము తెలియక కాదు నేను దాన్ని కొన్నది. టైము లేక. అది వీళ్ళకు ఎలా చెప్పను?

మా అమ్మకు అచ్చం ఇలాంటి గడియారమే ఉండేది. నాలుగు గంటలు కొట్టగానే అమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వెనక గుమ్మంలో కూర్చునేది. ఐదు కొట్టేదాకా లేచేది కాదు. కూర్చుని కుట్టడం, అల్లడం, ఏరడం, ఏదీ లేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఊరికే గోడకేసి చూస్తూ ఉండేది. నాన్న ముందు గదిలోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. మంచినీళ్ళు ఒక్క క్షణం ఆలస్యమైతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచే మనిషి. అలాంటివాడు కూడా నాలుగు కొట్టాక అమ్మను పిలిచేవాడు కాదు. "మీ అమ్మ ఇప్పుడు ఇంట్లో ఉన్నా లేనట్టే. నీళ్ళు నువ్వే ఇవ్వు" అనేవాడు నాతో. ఆ మాటకు నాన్నను ఎవరు ఎప్పుడు ఒప్పించారో, అమ్మ ఎంత పోరితే వచ్చిందో నాకు తెలియదు. నాకు తెలిసేసరికే అది ఆ ఇంటి కట్టుబాటు. ఇంకొకటి కూడా కట్టుబాటే. సాయంత్రం రేడియోలో వార్తలు మొదలవగానే నాన్న కుర్చీ ఎక్కి, "ఈ దరిద్రపు గడియారం రోజూ వెనకబడుతోంది" అని తిట్టుకుంటూ ముళ్ళు ముందుకు జరిపేవాడు. బాగుచేసేవాళ్ళు వచ్చి చూసి, దీనికి ఏ రోగమూ లేదని చెప్పి పోయేవాళ్ళు. అమ్మకు మాత్రం ఆ గడియారమంటే ప్రాణం. రోజూ ఆ గంట మధ్యలో ఒక్కసారి మాత్రం లేచి, అద్దం తలుపు తీసి, గుడ్డ పట్టుకుని తుడిచి, మళ్ళీ వచ్చి కూర్చునేది. ఇంట్లో గుడ్డలన్నీ మసిబారి ఉండేవి గానీ ఆ గుడ్డ ఒక్కటే ఎప్పుడూ తెల్లగానే ఉండేది.

అమ్మ పోయాక అన్నయ్య ఆ గడియారాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. పోనీలే అనుకున్నాను. అప్పటికి నాకు దాని అవసరం ఇంకా రాలేదు.

నేను ఒక క్లినిక్కులో ముందు కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటాను. పొద్దున్నే ఇంట్లో అందరికీ అన్నీ అమర్చి వెళ్ళాలి. మధ్యాహ్నం వచ్చాక రెండో విడత మొదలవుతుంది. క్లినిక్కులో టీ పెట్టడానికి వేరే మనిషి ఉన్నాడు. అయినా డాక్టరుగారి స్నేహితులు వస్తే, "వాడి టీ తాగలేమమ్మా, మీ చేతి టీ అయితే ఆ రుచే వేరు" అంటారు. ఆ ఒక్క మెచ్చుకోలు పడేసి నాతో ఎన్నేళ్ళుగా టీ పెట్టిస్తున్నారో. ఇంటికొస్తే మా ఆయన, అత్తగారు, చివరికి మా చిన్నది కూడా ఒకే మాట. "ఖాళీగానే ఉన్నావుగా?" కాస్త నడుం వాల్చితే ఖాళీ. కిటికీ దగ్గర నిలబడితే ఖాళీ. అన్నం తింటున్నా ఖాళీయే, ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది కదా. ఒక్కోసారి స్నానాల గదిలో దూరి, కుళాయి తిప్పి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంటాను. నీళ్ళ చప్పుడు ఆగితే తలుపు కొడతారు, ఆగకపోయినా తలుపు కొడతారు. "ట్యాంకు ఖాళీ చేసేస్తావా ఏంటి?" అని.

ఆమధ్య ఒకరోజు క్లినిక్కు నుంచి వస్తూ మా స్టాపులో బస్సు దిగలేదు. మర్చిపోయి కాదు. స్టాపు వచ్చింది, చూశాను, కాళ్ళు లేవలేదు. బస్సు ఆఖరి దాకా వెళ్ళి ఆగింది. అందరూ దిగిపోయారు. కండక్టరు వచ్చి, "ఇక్కడితో అయిపోయిందమ్మా, దిగాలి" అన్నాడు. "ఇంకాసేపు కూర్చోనివ్వండి బాబూ, ఎవరికీ అడ్డం రాను" అని ఏడ్చాను. ఖాళీ బస్సులో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, ఒక సీటు కోసం. ఆయన కంగారుపడి మంచినీళ్ళ సీసా ఇచ్చి, తలుపు దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. ఆ రోజు నాకు భయం వేసింది. రేపు దిగకపోతే, ఎల్లుండి అసలు ఇంటికే రాకపోతే? చచ్చిపోవాలనేం లేదు. కూర్చోవాలని ఉంది, అంతే. క్లినిక్కు వీధి చివర పాత సామాన్ల కొట్లో ఆ గంటల గడియారాన్ని చూసింది ఆ మర్నాడే.

కొట్టతను ఒకటే చెప్పాడు. "వారానికోసారి కీ ఇవ్వండమ్మా. ముళ్ళు తిప్పేటప్పుడు మాత్రం గంట దగ్గర ఆగాలి. అది పూర్తిగా కొట్టుకున్నాకే ముందుకు జరపాలి. తొందరపడ్డారో, ముల్లు దారి ముల్లుది, గంట దారి గంటది." నాకు తెలుసు. నాన్న ఎంత తిట్టుకుంటున్నా, గంట కొట్టడం మొదలైతే వేలు తీసేసి ఓపిగ్గా నిలబడేవాడు.

గోడకు మేకు నేనే కొట్టాను. గడియారం నిటారుగా లేకపోతే లోలకం కుంటుతుంది. చెవి ఆనించి, రెండు వైపులా చప్పుడు సమంగా వచ్చేదాకా అటూ ఇటూ జరిపాను. అంతా అయి, ఆగి ఉన్న ముళ్ళను సరైన టైముకు తిప్పుదామని చెయ్యెత్తేసరికి మా ఆయన వచ్చారు. "జరుగు, ఇలాంటివి నీకు తెలీవు" అని పెద్ద ముల్లు పట్టుకుని గిరగిరా తిప్పడం మొదలుపెట్టారు. "ఆగండి, గంట కొట్టనివ్వండి" అన్నాను. "ఇది కొట్టే గంటలన్నీ వింటూ కూర్చుంటే తెల్లారుతుంది" అన్నారు. ముళ్ళు సరైన చోటికి వచ్చాయి. గంట రెండు అంకెలు వెనక మిగిలిపోయింది. ఐదింటికి మూడు కొట్టింది. "ఎన్ని కొడితే ఏంటి, ముల్లు కరెక్టుగా ఉందిగా" అన్నారు. నేను సరిచేస్తానంటే, "నువ్వు ముట్టుకోకు, ఉన్నదీ పాడవుతుంది. ఆదివారం నేను చూస్తా" అన్నారు. ఆయన ఆదివారం చూస్తానన్న పనులు మా ఇంట్లో ఒక గదినిండా ఉన్నాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర గుండె చిక్కబట్టుకుని అడిగాను. "నాలుగు కొట్టాక, మళ్ళీ ఐదు కొట్టేదాకా నన్ను ఎవరూ పిలవకండి. రోజుకు ఆ ఒక్క గంట నాకు వదిలెయ్యండి. అందుకే తెచ్చుకున్నాను దాన్ని." అడుగుతున్నంతసేపూ కంచంలోకే చూశాను, ఏదో తప్పు చేసినదానిలా. "అబ్బో, మేడమ్‌గారు ఆ టైములో ఎవరినీ కలవరన్నమాట" అన్నారు మా ఆయన. అత్తగారు కాస్త ఆలోచించి, "సర్లే అమ్మాయ్, నాలుగు కొట్టాక పిలవంలే. కొట్టాలి మరి" అన్నారు. ఆవిడ మంచితనానికి నాకు కళ్ళు చెమర్చాయి. నా పిచ్చిగానీ.

మర్నాడు ముల్లు నాలుగు మీదకు రాగానే వంటింటి దీపం ఆర్పి వెనక గుమ్మంలో కూర్చున్నాను. హాల్లో గంట కొట్టింది. రెండు. "అమ్మాయ్, ఆ బట్టలు కాస్త మడతపెట్టు" అన్నారు అత్తగారు లోపల్నుంచి. "నాలుగయిందత్తయ్యా" అన్నాను. "నాకు వినబడదనుకున్నావా? రెండే కొట్టింది. నాలుగు కొట్టాక కదా నువ్వు చెప్పింది" అన్నారు. నేను వేళాకోళమేమో అనుకున్నాను. కాదు. ఆవిడ మాట అంటే మాటే. ఆ గంట నాలుగు కొట్టేసరికి అసలు టైము ఆరు. సరిగ్గా అప్పుడే మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతారు. "మనిషి అలిసిపోయి ఇంటికొస్తే ఇప్పుడా నువ్వు కూర్చునేది?" అంటారు. ముల్లు నాలుగు చూపినప్పుడు గంట ఒప్పుకోదు, గంట ఒప్పుకున్నప్పుడు మొగుడు ఒప్పుకోడు. నేను అప్పటిదాకా అడగలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు. ఇప్పుడు అడిగాను, రోజూ లెక్కపెట్టి మరీ కాదంటున్నారు. కొనకముందే నయం.

ఒకరోజు మొండికేసి కూర్చున్నాను. "అమ్మాయ్" అన్నారు. పలకలేదు. "అమ్మాయ్, ఉన్నావా పోయావా?" అన్నారు. పోయుంటే బాగుండుననిపించింది. మూడోసారికి లేచాను. మందు ఇచ్చాను, బట్టలు మడతపెట్టాను, ఆవిడ కాళ్ళు పట్టాను. ఎందుకు లేచానా అని నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పూట గడియారాన్ని తీసి నేలకేసి కొడదామనుకున్నాను. ఆ ముక్కలు ఊడ్చాల్సింది కూడా నేనేనని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆదివారం వచ్చింది. మా ఆయన కడుపునిండా తిని పడుకున్నారు. నాలుగు కావస్తోంది. నేను స్టూలు లాక్కుని ఎక్కి, గడియారం అద్దం తలుపు తీశాను. గంట వెనకబడితే ఏం చేయాలో అమ్మ చేస్తుంటే చూశాను. లోపల ఒక సన్నటి తీగ ఉంటుంది. దాన్ని వేలితో పైకి లేపితే, ముల్లుతో పని లేకుండా గంట తర్వాతి అంకె కొడుతుంది. లోలకం చేతికి తగలకుండా ముందు దాన్ని ఆపాలి. కొంగు చేతికి చుట్టుకుని, రెండు వేళ్ళతో లోలకాన్ని పట్టుకున్నాను.

చప్పుడు ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"గడియారం తుడుస్తున్నావా అమ్మా?" అంది మా చిన్నది, వెనక నిలబడి. నేను అలాగే ఉండిపోయాను. ఈ మాట నేను విన్నది కాదు, అన్నది. దీని వయసులో, ఇలాగే వెనక నిలబడి. అమ్మ ఇలాగే గుడ్డ చుట్టిన చెయ్యి లోపల పెట్టి, ఇటు తిరగకుండా, "ఆఁ, దుమ్ము" అంది. ఆ గుడ్డకు దుమ్ము ఎందుకు అంటలేదో ఇన్నాళ్ళకు తెలిసింది. అమ్మ రోజూ ఆ గడియారాన్ని ఆపేసేది. నాలుగుకు కూర్చుని, మధ్యలో లేచి లోలకం పట్టుకుని ఆపి, వెళ్ళి కూర్చుని, ఇక తప్పదనుకున్నప్పుడు మళ్ళీ కదిలించేది. రేడియో వార్తలప్పుడు నాన్న ముందుకు జరిపేది అమ్మ దాచుకున్న టైమునే. మొదట నాకు నవ్వొచ్చింది. ఎంత గడుసుదానివమ్మా అనుకున్నాను. నవ్వు పెదాల మీద ఉండగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఒక్క గంటతో అమ్మకు అంతా సరిపోయిందని నమ్మి, నాకూ అదే చాలని నేను దేబిరిస్తూ తిరుగుతున్నాను. సరిపోలేదు. సరిపోక, తన ఇంట్లో తనే, కూతురికి కూడా చెప్పుకోలేక, దొంగలా రోజూ కాసిని నిమిషాలు ఎత్తుకుంది.

నేనూ అలా చేయవచ్చు. వేళ్ళు లోలకం మీదే ఉన్నాయి. ఎవరికీ తెలియదు. చిన్నది మళ్ళీ, "తుడుస్తున్నావా?" అంది.

"లేదే. తప్పు కొడుతోంది. సరిచేస్తున్నా, చూడు" అన్నాను.

తీగ లేపాను. రెండు కొట్టింది. మళ్ళీ లేపాను. మూడు కొట్టింది. "ఎవరది? ముట్టుకోవద్దన్నానా?" అని పడగ్గదిలోంచి నిద్రమత్తులో అరిచారు మా ఆయన. లోలకాన్ని మెల్లగా కదిలించి తలుపు వేశాను. స్టూలు దిగి, వెనక గుమ్మానికి వెళ్ళలేదు. హాల్లో, అందరికీ కనబడేలా, గడియారం కిందే కుర్చీ వేసుకున్నాను. పెద్ద ముల్లు నిలువుగా లేచింది. గంట నాలుగు కొట్టింది. చిన్నది పైకే లెక్కపెట్టింది.

"విన్నారా అత్తయ్యా?" అన్నాను. కాసేపటికి "అమ్మాయ్" అని వినబడింది. ఇంకాసేపటికి మా ఆయన లేచి వచ్చి, "టీ" అన్నారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాళ్ళు వాటంతట అవే లేవబోతుంటే పాదాలు నేలకు అదిమిపెట్టాను. ఆయన వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేశారు. చక్కెర ఎక్కడుందని అరిచారు. పిల్లముందు ఏంటీ వేషాలన్నారు. తర్వాత సోఫాలో కూర్చుని, నన్నూ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తూ, అది కొట్టేదాకా కాపలా కాశారు.

ఐదు కొట్టింది. "అయిందిగా నీ ముచ్చట" అని ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ఇక లే, టీ పెట్టు."

"నా గంట అయిపోయిందండీ" అన్నాను, కుర్చీలోంచి కదలకుండా. "ఇప్పుడు మొదలైంది మా అమ్మది."