తొమ్మిదో నంబరు బనీను

బస్వరాజ్ అబద్ధం ఆడలేదు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత ఊళ్లో తలొక రకంగా చెప్పుకున్నారు. ఆయన నోటివెంట ఒక్క అబద్ధమూ రాలేదు. చెప్పినదంతా బనీనే చెప్పింది.

జహీరాబాద్ బస్టాండులో బస్వరాజ్ కంట్రోలరు. మైకులో బస్సుల రాకపోకలు చెప్పేది ఆయనే. మామూలుగా అందరిలాగే మాట్లాడే మనిషి, మైకు ముందుకు రాగానే గొంతు సవరించుకుని "ప్రయాణికులకు గమనిక" అంటూ రేడియోలో వార్తలు చదివేవాడైపోయేవాడు. ప్రతి ప్రకటనా రెండుసార్లు చెప్పేవాడు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. అన్నం పెట్టమని కూడా రెండుసార్లే అడిగేవాడు. భార్య సీతాబాయి మొదటిసారి వినడం ఎప్పుడో మానేసింది.

1985లో, దసరా ముందు, ఆయన ఏదో పని మీద హైదరాబాదు పోయి కోఠి ఫుట్‌పాత్ మీద ఒక జెర్సీ కొన్నాడు. మెరూన్ రంగు. రొమ్ము మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఆంధ్రప్రదేశ్ అని, వీపు మీద తొమ్మిది అంకె. "స్టేట్ టీమోళ్లకు తప్ప ఎవ్వలకు దొరకది సాబ్" అన్నాడు అమ్మేవాడు. అతని ముందు అవే జెర్సీలు నలభై దాకా గుట్టపోసి ఉన్నాయి. నలభై మంది స్టేట్ ఆటగాళ్లు ఒకే రోజున బట్టలు విప్పేసి ఎటు పోయారో బస్వరాజ్ అడగలేదు. అడగాల్సిన పనేముంది, అది నకిలీదని ఆయనకు తెలుసు. ఉదయం నడకకు పోయేటప్పుడు వేసుకోవడానికి మందంగా ఉంది, చవగ్గా ఉంది, అంతే కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. ఆ పక్కనే ఏ రాతా లేని బనీన్లు ఇంకా చవగ్గా ఉన్నాయి. వాటివైపు కన్నెత్తి కూడా చూడలేదు. బడిలో చదివేటప్పుడు కబడ్డీకి జట్లు పంచుకుంటే, ఎవరికీ అక్కర్లేక చివరకు మిగిలే పిల్లవాడు బస్వరాజే. అది మనసులో పెట్టుకుని చూస్తే ఆయన మీద మనకు మరీ కోపం రాదు.

మర్నాడు ఆ జెర్సీ వేసుకుని బొంబాయి రోడ్డు వెంట నడిచి, చాయ్ హోటల్ దగ్గర ఆగాడు. రోజూ ఆయన్ని పట్టించుకోని హోటలాయన ఆ రోజు బెంచీ తుడిచాడు.

"స్టేట్ ఆడినవా అన్నా? ఎన్నడు చెప్పకపోతివి."

బస్వరాజ్ అవునని అనలేదు, కాదనీ అనలేదు. చిన్నగా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. సాయంత్రానికి ఊరంతా పాకింది.

ఇంట్లో మాత్రం జెర్సీకి అంత గౌరవం దక్కలేదు. మొదటిసారి ఉతకగానే సీతాబాయి తెల్లచీర గులాబీ రంగుకు తిరిగింది. ఆమె తడిచీరను భర్త కళ్లముందు ఆడిస్తూ, "స్టేటోళ్ల బనీన్లు గిట్లనే రంగు కారుతయా?" అని అడిగింది. ఆయన దానికీ నవ్వబోయాడు గాని, ఆ నవ్వు ఇంట్లో పనిచేయలేదు.

నాలుగు రోజుల తర్వాత హైస్కూలు హెడ్మాస్టరు జగన్‌మోహన్ సారు వెతుక్కుంటూ బస్టాండుకే వచ్చాడు. ఆడపిల్లలు కబడ్డీ ఆడతామని ప్రాణం తీస్తున్నారట, నేర్పేవాళ్లు లేరని తను వద్దంటున్నాడట. ఇప్పుడు స్టేట్ ఆటగాడే ఊళ్లో ఉన్నాడు కాబట్టి, ఫిబ్రవరిలో సంగారెడ్డిలో జరిగే జిల్లా పోటీలకు జట్టును తయారుచేసి పెట్టాలట. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ దొరకదు. బస్వరాజ్ గొంతు సవరించుకుని, "టైం దొరకాలె గద సార్" అన్నాడు. సారు దాన్ని వినయం అనుకున్నాడు.

అట్లా మన కంట్రోలరు కబడ్డీ కోచ్ అయ్యాడు. మొదటి రోజు పిల్లలను గ్రౌండు చుట్టూ పరుగెత్తించాడు. రెండో రోజూ పరుగే. మూడో రోజు కూడా పరుగెత్తాక ఒక పిల్ల, "కూతకు పోయినప్పుడు ఊపిరి ఎట్ల ఆపుకోవాలె సార్?" అని అడిగింది.

"గట్టిగ ఆపుకోవాలె," అన్నాడు బస్వరాజ్. కాసేపాగి, "ఇంక గట్టిగ" అని కూడా అన్నాడు.

నీళ్ల బిందెతో వచ్చిన యాదమ్మ పక్కకు తిరిగి నవ్వుకుంది. యాదమ్మ ఆ బడిలో అటెండరు. మొగుడంపల్లి మనిషి, ముప్పై ఏళ్లు ఉంటాయి. ఆడపిల్లల బుర్రలో కబడ్డీ ఎక్కించింది కూడా ఆమేనని హెడ్మాస్టరు విసుక్కునేవాడు. ఆమె బిందె దించి, కొంగు నడుముకు చెక్కి, "జర నేను చూపిస్తనన్నా" అని గీత దాటింది. కూత సన్నగా, తెగకుండా సాగింది. ముగ్గురు పిల్లల్ని తాకి, నాలుగో పిల్ల చేతి కింద నుంచి వంగి, తిరిగి గీత మీద కాలు పెట్టాకగాని ఊపిరి తీయలేదు. పిల్లలు నోళ్లు తెరిచారు. కోచ్ అందరికంటే వెడల్పుగా తెరిచాడు.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. బస్వరాజ్ జెర్సీ వేసుకుని నిలబడేవాడు, యాదమ్మ నేర్పేది. హెడ్మాస్టరు వరండాలోకి రాగానే ఆమె బిందె ఎత్తుకునేది, ఈయన ఈల ఊదేవాడు.

ఒక సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఆమె ఉన్నట్టుండి అంది:

"నీ జెర్సీ నకిలీదని నాకు ఫస్టు రోజే తెల్సన్నా."

బస్వరాజ్ చుట్టూ ఒకసారి చూసుకున్నాడు. "ఎట్ల?"

"అసలుదైతే నీ తాన ఎందుకుంటది? డెబ్బై నాలుగుల నేను స్టేట్ ఆడిన. నాగపూర్ పోయినం. నాది నాలుగో నంబరు. ఆఖరి ఆట అయిపోంగనే టీముతోని వచ్చిన సార్లు జెర్సీలు ఇప్పిచ్చిన్రు. స్టేషన్ నల్లా కాడ మేమే ఉతికి, మడతవెట్టి ఇచ్చినం. లెక్కవెట్టి గోనెసంచిల ఏసుకున్రు. వచ్చే ఏడు ఆడేటోళ్లకు పనికొస్తయట. నిజంగ ఆడినోళ్ల ఇంట్ల జెర్సీ ఉండదన్నా."

"మరి సర్టిఫికెట్?"

"ఉండె. మొన్నటి వానలకు గోడ కూలి మట్టిల కలిసింది. నేను నేర్పుత సార్ అంటే హెడ్మాస్టర్ రుజువేదన్నడు. ఏం జూపియ్యాలె?"

బస్వరాజ్ నేలచూపులు చూశాడు. తను రెండు నెలలుగా తొడుక్కుని తిరుగుతున్నది ఎవరిదో ఆయనకు అప్పుడు అర్థమైంది.

"మరి నా సంగతి సార్‌కు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను తీసేస్తడు, ఆట బంద్ పెడ్తడు. నీ దొంగ బనీను పుణ్యాన పిల్లలు గ్రౌండుల ఆడుతున్రు. నాకు గదే చాలు," అంది యాదమ్మ. ఎత్తిపొడుపు లేదు, ఏడుపూ లేదు. బిందె బోర్లించి వెళ్లిపోయింది.

ఇదే ఆయనకు పెద్ద ఊరట అయింది చూడండి. నోరు మూసుకోవడానికి అంతవరకు భయం ఒక్కటే కారణం, ఇప్పుడు ధర్మం కూడా తోడొచ్చింది. నిజం చెబితే పిల్లల ఆట పోతుంది, కాబట్టి చెప్పకపోవడమే మంచితనం. ఈ ఆలోచనతో హాయిగా నిద్రపోతున్న రోజుల్లో హెడ్మాస్టరు ఇంకో వార్త తెచ్చాడు. జనవరి ఇరవై ఆరున గ్రౌండులో సభ. రాష్ట్ర ఆటగాడు బస్వరాజ్‌కు శాలువా కప్పి సన్మానం చేస్తారు. ఆయన జెర్సీతోనే రావాలి. ఊళ్లో మైకులో మాట్లాడటం వచ్చినవాడు ఆయనొక్కడే కాబట్టి కార్యక్రమం చదవాల్సిందీ ఆయనే. అంటే తన సన్మానాన్ని తనే ప్రకటించుకోవాలి.

రాత్రి అన్నం తింటూ భార్యకు అంతా చెప్పాడు, రెండుసార్లు. చివర, "ఏం జేస్తం, ఆడపిల్లల కోసం ఊకుండాలె" అని నిట్టూర్చాడు.

సీతాబాయి మజ్జిగ పోస్తూ, "ఆడపిల్లల కోసమా, శాలువా కోసమా?" అంది.

ఆయనకు ఆ తర్వాత ముద్ద దిగలేదు.

సభ రోజు మధ్యాహ్నం జెర్సీని కాగితంలో చుట్టుకుని యాదమ్మ దగ్గరకు పోయాడు. "ఇది నువ్వేసుకోమ్మా. నువ్వే స్టేట్ ఆడినవని నేను మైకుల చెప్త. జెర్సీ చూస్తే సార్ నమ్ముతడు."

యాదమ్మ కాగితం విప్పి, తొమ్మిది అంకె మీద ఒకసారి చెయ్యి వేసి, మళ్లీ చుట్టి ఇచ్చేసింది.

"వద్దన్నా. ఇది నేనేసుకుంటే, రేపు ఎవరన్న ఇది నకిలీది అంటరు. గప్పుడు నా బనీనుతోని నా ఆట గూడ నకిలీ అయితది. ఇయ్యాల నమ్మకపోతే పాయె, నేను ఆడిందైతే నాకు మిగులుతది."

బస్వరాజ్ గోడవారకు పోయి ఆ పొట్లం విప్పాడు. చివరకు తనే దాన్ని తొడుక్కున్నాడు.

నాలుగు గంటలకు గ్రౌండు నిండింది. జగన్‌మోహన్ సారు శాలువా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆడపిల్లల జట్టు ముందు వరసలో, యాదమ్మ అటు చివర నీళ్ల కుండ దగ్గర. బస్వరాజ్ మైకు ముందుకు వచ్చాడు. రాసుకున్న కాగితం చెమటకు తడిసింది. అక్షరాలు అలుక్కుపోయాయి. నోటికి వచ్చినవి రోజూ వచ్చే మాటలే.

"ప్రయాణికులకు గమనిక. నాలుగు గంటలకు రావలసిన రాష్ట్ర కబడ్డీ ఆటగాడు బస్వరాజ్ రద్దు చేయబడినాడు. సదరు ఆటగాడు ఎన్నడూ ఎక్కడి నుండీ బయలుదేరలేదు. ఆయన ధరించిన జెర్సీ కోఠి ఫుట్‌పాత్ మీద, నకిలీదని తెలిసే కొన్నది. మొగుడంపల్లి నుండి నాగపూర్ మీదుగా రావలసిన నాలుగో నంబరు రాష్ట్ర క్రీడాకారిణి యాదమ్మ పన్నెండేళ్లు ఆలస్యంగా నడుస్తున్నది. ఆడపిల్లల జట్టుకు మొదటి నుండీ కోచ్ ఆమెనే. ప్రస్తుతం నీళ్ల కుండ వద్ద నిలిచి ఉన్నది. వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాము."

జనం పగలబడి నవ్వారు. కంట్రోలరు తమాషా చేస్తున్నాడనుకున్నారు. హెడ్మాస్టరు కూడా నవ్వాడు. యాదమ్మ కదల్లేదు.

ఒక్కసారి చెప్పి ఊరుకునే మనిషైతే కథ అక్కడే బోల్తా కొట్టేది. బస్వరాజ్ గొంతు సవరించుకుని, "మరొక్కసారి గమనిక" అన్నాడు. మొదటి అక్షరం నుంచి మళ్లీ చెప్పాడు. ఈసారి నకిలీ అనే మాట దగ్గర గొంతు వణికింది. నవ్వు ఒక్కో వరసా ఆగుతూ వెనక్కి పోయింది.

హెడ్మాస్టరు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఆమె ఆడిందని రుజువేదయ్యా?" అన్నాడు.

"నన్నడిగిన్రా సార్ రుజువు?" అన్నాడు బస్వరాజ్. "నాకు జెర్సీ ఉన్నది, ఆట రాదు. ఆమెకు ఆట వచ్చు, జెర్సీ లేదు. మీరే చెప్పున్రి."

ముందు వరసలోని పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఊరంతా చూస్తుండగా శాలువాను మళ్లీ మడతపెట్టడం ఎంత కష్టమో ఒకసారి ఆలోచించండి. సారుకు అది చేతకాలేదు. యాదమ్మ గ్లాసు కుండ మీద బోర్లించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని నడిచి వచ్చింది. శాలువా కప్పించుకునేటప్పుడు ఆమె కళ్లు నిండిపోయాయి. అయినా దిగుతూ బస్వరాజ్ పక్కన ఆగి, "మెడ తుడుసుకో అన్నా, రంగు కారుతున్నది" అని చెప్పడం మరిచిపోలేదు.

ఆ తర్వాత పది రోజులు బస్టాండులో ఆయన్ని అందరూ తొమ్మిదో నంబరు అనే పిలిచారు. ఆయన పలికాడు. ఏం చేస్తాడు మరి. జట్టుకు బడి తరఫున ఏడు తెల్లచొక్కాలు కొన్నారు గాని, నంబర్లకు గుడ్డ లేదు. సీతాబాయి ఆ మెరూన్ జెర్సీని మిషను ముందు వేసుకుని, మొగుడు చూస్తుండగానే కత్తెరతో కోసి ఏడు అంకెలు కుట్టింది.

సంగారెడ్డి బస్సును బస్వరాజ్ నాలుగుసార్లు ప్రకటించాడు. పిల్లలు ఒక ఆట గెలిచి, రెండోది ఓడి తిరిగొచ్చారు. మర్నాడు హెడ్మాస్టరు బీరువా తెరిచి, "యాదమ్మా, ఆ అంగీలు ఉతికిపిచ్చి, లెక్కవెట్టి ఇందుల పెట్టు. వచ్చే ఏడు పనికొస్తయి" అన్నాడు.

బస్సు టికెట్ల కాగితాలు ఇవ్వడానికి వచ్చిన బస్వరాజ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నాగపూర్ స్టేషన్ నల్లా ఆయనకు గుర్తొచ్చింది.

"ఎవలవి వాళ్ల ఇండ్లకు పోయినయి సార్," అంది యాదమ్మ.

"ఎవరిచ్చిన్రు?"

"నేనే ఇచ్చిన," అని ఆమె బీరువా తలుపు నెమ్మదిగా మూసింది. "ఆడినోళ్లవి సార్. ఆడినోళ్ల తాననే ఉంటయి."