చెక్కగోడకి ఇవతల

మా బడిలో నన్ను సంతమ్మ అంటారు. నేను రెండో తరగతి టీచర్ని. నా గదిలో ఎప్పుడూ సంత జరుగుతున్నట్టు ఉంటుందట. ఆ పేరు పెట్టింది పక్క గదిలోని మూడో తరగతి టీచర్. పరాయి మనిషి కాదు, మా బావగారి భార్య, నా తోడికోడలు. ఇంట్లో మా ఇద్దరికీ ఒకటే వంటగది, బళ్లో ఒకటే గోడ. నిజానికి అది గోడ కూడా కాదు. పెద్ద హాలుని రెండు గదులు చేయడానికి అడ్డంగా కొట్టిన ప్లైవుడ్ చెక్క. ఇటు దగ్గితే అటు తలలు తిరుగుతాయి.

ఆవిడ క్లాసులో సూది పడినా వినిపిస్తుందని బడంతా చెప్పుకుంటుంది. ఆవిడ అరవదు, బెత్తం పట్టదు. హెడ్మాస్టర్ గారు ఆ గుమ్మం దగ్గర ఆగి తృప్తిగా తల ఊపి, నా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చెవిలో వేలు పెట్టుకునేవారు. "మీ అక్కగారి దగ్గర కాస్త నేర్చుకోండమ్మా" అనేవారు.

నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఏడేళ్ల పిల్లలు నోరు మూసుకుని కూడికలు నేర్చుకోరు. పని చేస్తూ చేసే గోల వేరు, పని ఎగ్గొట్టడానికి చేసే గోల వేరు. రెండోది మొదలైతే నేను చెయ్యెత్తుతాను. చూసినవాళ్లు చూసినట్టు చెయ్యెత్తి నోరు మూస్తారు. కాసేపటికి గది సద్దుమణుగుతుంది. నాకు తెలిసిన విద్య అంతే.

ఈ ఏడాది నా కూతురు వాళ్ల పెద్దమ్మ క్లాసుకి వెళ్లింది. దాన్ని ఇంట్లో వసపిట్ట అంటాం. నిద్రలో కూడా కబుర్లు చెప్పే పిల్ల. బడి తెరిచిన కొన్నాళ్లకే దాని నోరు మూతపడింది. నీళ్లు కావాలన్నా చేత్తో చూపించేది. భుజం మీద కమిలిన మచ్చలు కనబడి అడిగితే, బెంచీ తగిలిందంది. మా అత్తగారు మాత్రం మురిసిపోయింది. "పెద్దకోడలి చేతిలో పడ్డాక పిల్ల ఎంత ఒద్దికైందో చూడు" అంది.

ఒకరోజు జలుబు చేసి నా గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా పాఠం చెప్పాను. తమాషా ఏమిటంటే పిల్లలు కూడా గుసగుసగానే బదులిచ్చారు. నేను ఈ బళ్లో చేరాక నా గది అంత నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారి. అప్పుడు వినిపించింది, చెక్క అవతల నుంచి, పసిపాపని జోకొడుతున్నంత మెత్తని గొంతు.

"ఇవాళ కూడా మీకు ఆటల పీరియడ్ లేదు నాన్నా. ఎవరి వల్ల?"

"వసపిట్ట వల్ల టీచర్" అంది క్లాసు మొత్తం.

"పాపం, మీకు కోపం రాదూ? నేనేం చూడనులే. బోర్డు మీద రాసుకుంటూ ఉంటాను."

సుద్దముక్క గీసుకుంటున్న చప్పుడు. నా ఒళ్లు మండిపోయింది. పరుగున వెళ్లి ఆ తలుపు తోశాను. పిల్లలందరూ చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి నవ్వింది. "ఏమ్మా, సుద్దముక్కలు అయిపోయాయా?" అంది. నా కూతురు తల ఎత్తలేదు.

ఇంట్లో చెప్పాను. "వదిన అలాంటిది కాదు, నువ్వేదో పొరబడ్డావు" అన్నాడు మా ఆయన. "పెద్దదానికి మంచి పేరొచ్చిందని నీకు కడుపుమంట" అంది అత్తగారు. పిల్లని పిలిచి అడిగారు, పెద్దమ్మ పక్కనే కూర్చుని ఉండగా. బెంచీ తగిలిందనే చెప్పింది. మర్నాడు హెడ్మాస్టర్ గారి దగ్గరికి వెళ్లాను. "మీ క్లాసు గోలలో మీకేం వినబడుతుందమ్మా" అని ఆయన నవ్వారు.

ఆ మాటతో నాకు బుర్ర వెలిగింది. ఇన్నాళ్లూ ఆవిడ చేసేదాని మీద దుప్పటి కప్పింది నా క్లాసు గోలే. సరే, దుప్పటి లాగేస్తాను అనుకున్నాను. పిల్లని బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టొచ్చు. కానీ అప్పుడు తప్పు పిల్ల మీదికే పోతుంది. నాకు కావలసింది ఆవిడ నలుగురి ఎదుట నోట మాట రాకుండా నిలబడటం.

తల్లిదండ్రుల రోజు దగ్గర పడుతోంది. ఆ రోజు హెడ్మాస్టర్ గారు అందరినీ వెంటబెట్టుకుని వరసగా ఒక్కో క్లాసూ చూపిస్తారు. నాది అయ్యాక ఆవిడది. నా పిల్లలకి గుసగుస ఆట నేర్పాను. మాట చివరి బెంచీదాకా వెళ్లాలి, పక్క బెంచీకి వినబడకూడదు. పెన్సిలు పెట్టినా చప్పుడు కాకుండా బెంచీల మీద చేతిరుమాళ్లు పరిచాం. ఇదంతా మూడో తరగతి కంప్యూటర్ గదికి వెళ్లినప్పుడే. వాళ్లు తిరిగి రాగానే గోల రెట్టింపు చేయించేదాన్ని, ఆవిడకి అనుమానం రాకుండా. "ఏమ్మా, సంతలో బేరాలు జోరుగా ఉన్నట్టున్నాయే" అంది ఆవిడ వంటింట్లో. అవునక్కా అన్నాను.

ఆ రోజు వచ్చింది. తల్లులు, తండ్రులు మోకాళ్లు గడ్డానికి తగిలేలా చిన్న బెంచీల మీద సర్దుకున్నారు. పెద్దకోడలి వైభవం చూద్దామని మా అత్తగారు ముందు బెంచీలోనే కూర్చుంది, పక్కన మా ఆయన. మూడో తరగతి కంప్యూటర్ గది నుంచి తిరిగొస్తున్న అడుగుల చప్పుడు వినబడగానే నేను చెయ్యెత్తాను. పిల్లలందరూ చెయ్యెత్తారు. చూసి పెద్దవాళ్లూ మాటలు ఆపేశారు.

"పక్క గది ఖాళీగా ఉంది, ఇంకా ఎవరూ రాలేదు" అంది ఆ మెత్తని గొంతు. నా గది నిశ్శబ్దంగా ఉందంటే అందులో మనుషులు లేరనే ఆవిడ లెక్క. "వాళ్లొచ్చేలోపు ఒకసారి చెప్పుకుందామా? వసపిట్ట నోరు తెరిస్తే?"

"ఆటలుండవు టీచర్."

"తెరవకుండా ఎవరు చూసుకోవాలి?"

"పక్కవాళ్లు టీచర్."

"ఎక్కడ గిల్లాలి?"

"చొక్కా కింద టీచర్, కనబడకుండా."

వెనక బెంచీలో ఒక తల్లి "మావాడి గొంతు అది" అని గొణిగింది. హెడ్మాస్టర్ గారు లేవబోయారు. రెండో చేత్తో కూర్చోమన్నాను. కూర్చున్నారు. ఆయన నా మాట విన్నది అదొక్కసారే.

"ఏం వసపిట్టా, ఇంట్లో చెబుతావా? చెప్పుకో. మీ నానమ్మే అంది నాతో, దాని నోరు నువ్వే కట్టించాలే అని."

మా ఆయన వాళ్లమ్మ వైపు తిరిగాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అప్పుడే చెయ్యి దించొచ్చు. దించలేదు. ఇంకొక్కటి, ఇంకొక్కటి విననీ అనుకున్నాను. అవతల ఎవరో పిల్ల పళ్ల సందున ఊపిరి పీల్చింది. ఎవరో నాకు తెలుసు. అప్పుడు దించాను.

హెడ్మాస్టర్ గారు తలుపు తీసేసరికి ఆవిడ బోర్డు వైపు తిరిగి ఉంది. తల్లిదండ్రులు చుట్టుముట్టారు. వాళ్ల తలల మీదుగా నా కోసం చూసింది. "ఇవాళ నా గదిలో కూడా సూది పడినా వినిపించిందక్కా" అన్నాను.

వారం తిరక్కుండా ఆవిడ ఉద్యోగం పోయింది, బావగారు వేరింటికి మారారు. మా అత్తగారు నేను వడ్డిస్తుంటే కంచంలోంచి కళ్లెత్తదు. నాకు కడుపు చల్లగా ఉంది. దాచుకోవడం దేనికి?

కానీ ఆ తల్లిదండ్రుల రోజు సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే నా కూతురు చాలా నెలల తర్వాత తనంతట తానే మాట్లాడింది.

"అమ్మా, ఇవాళ నువ్వు బడికి రాలేదనుకున్నా."

"ఎందుకే?"

"మీ క్లాసు వినబడలేదు. రోజూ వాళ్లు గిల్లేటప్పుడు నేను మీ గోల వింటూ ఉంటా. అందులో నీ గొంతు వెతుక్కుంటా. ఈమధ్య బాగా గోల చేశారుగా, అప్పుడు బాగుండేది. ఇవాళ ఏమీ వినబడలేదు. నువ్వు వెళ్లిపోయావనుకున్నా."

దాని చెయ్యి నా చేతిలో ఉంది. పొద్దున నేను దించకుండా ఎత్తి ఉంచిన చెయ్యే అది. ఇల్లు వచ్చేదాకా పిల్ల మాట్లాడుతూనే ఉంది. నాకే మాట రాలేదు.